ఫ్లెక్సీలో పాతికేళ్లు

తిరువూరు మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఆ నల్లజుట్టు కుర్రాడి కోసం ఊరంతా వెతక్కండి. ఆయన దాని కిందే నిలబడి టీ తాగుతున్నారు. కాకపోతే బట్టతల, బానపొట్ట, మోకాళ్ల నొప్పులు. బ్యానరేమో షష్టిపూర్తికి, ఫొటోనేమో పెళ్లిచూపులకి దిగింది! 2022లో ఊరికి కృష్ణా జిల్లా పోయి ఎన్టీఆర్ జిల్లా వచ్చింది గానీ ఆ బొమ్మ మాత్రం మారలేదు.

ఇలాంటి మన నాయకుల సంగతి ఎన్నికల సంఘానికి బాగా తెలుసు. 2015లో ఈవీఎం బ్యాలెట్‌పై అభ్యర్థుల బొమ్మలు పెట్టిస్తూ, మూడు నెలల్లోపు దిగిన ఫొటోనే ఇవ్వాలంది. టోపీ, నల్లకళ్లద్దాలు వద్దంది. జుట్టుకేసే రంగు సంగతి ఎందుకో వదిలేసింది.

ఆ ఫ్లెక్సీ ప్రింటు చేసిన కుర్రాణ్ణి కదిపితే, "కొత్త ఫొటో కూడా తెచ్చారండీ, దాన్ని పాతదానిలా చెయ్యమన్నారు" అన్నాడు.