క్రమబద్ధీకరించిన వెలుతురు: గృహస్థులకు కరదీపిక

ఇంట్లో వాడే వెలుతురు మూడు రకాలు. మొదటిది సహజమైనది, కిటికీలోంచి వస్తుంది. రెండోది కృత్రిమమైనది, స్విచ్చి నొక్కితే వస్తుంది. మూడోది క్రమబద్ధీకరించినది, అపరాధ రుసుము కడితే వస్తుంది. ఈ మూడో రకం ప్రస్తావన వాస్తు గ్రంథాల్లో లేదు, ఇంజినీరింగ్ పాఠాల్లోనూ లేదు. ప్లానులో లేని అంతస్తులనూ, మింగేసిన సెట్‌బ్యాకులనూ రుసుము కట్టి సక్రమం చేసుకునే పథకానికి ‘ఇదే చివరి అవకాశం’ అన్న మాట మళ్లీ చెవిన పడింది కాబట్టి, ఈ వెలుతురును శాస్త్రీయంగా పరిచయం చేయక తప్పదు. చివరి అవకాశం 2007 ఆఖర్లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. 2015లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. 2019 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకోసారి వచ్చింది. గ్రహణాల లెక్క పంచాంగంలో దొరుకుతుంది. వీటి లెక్క కోసం ఎన్నికల షెడ్యూలు చూసుకోవాలి.

ముందుగా సహజమైన వెలుతురు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆరుబయట సుమారు లక్ష లక్సుల కాంతి ఉంటుంది. మబ్బు పట్టిన పగలైనా వేలల్లోనే ఉంటుంది. పుస్తకం చదవడానికి మూడు వందలు చాలు. అంటే బయటున్న దానిలో పిసరంత లోపలికి రానిచ్చినా ఇంటికి సరిపోతుంది. ఆ పిసరు కోసమే జాతీయ భవన నిర్మాణ నియమావళి కిటికీలకు కొలతలు పెట్టింది: ఉక్కపోత ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు. నూట ఇరవై చదరపు అడుగుల పడగ్గదికి కోస్తాలో ఇరవై చదరపు అడుగుల కిటికీ కావాలన్న మాట. కిటికీకి ఏడున్నర మీటర్లు దాటిన భాగానికి వెలుతురు అందుతున్నట్టు భావించరాదని కూడా ఆ నియమావళిలో ఉంది. ఈ ‘భావించడం’ అనే క్రియ మున్ముందు చాలా పనికొస్తుంది.

కిటికీ ఉంటే చాలదు, దాని ముందు ఆకాశం ఉండాలి. సెట్‌బ్యాకు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఉన్నది అందుకే. చిన్న స్థలాల్లో పక్కలకు అడిగేది మీటరో, మీటరున్నరో. ఆ మీటరున్నరలో అటువాడు స్లాబు ముందుకు తోస్తాడు, ఇటువాడు బాల్కనీని గదిలో కలిపేస్తాడు. కిటికీ కొలతలు కాగితం మీద సక్రమంగానే ఉంటాయి. రెక్క తెరిచి చెయ్యి చాపితే మాత్రం పక్కింటి గోడ సున్నం అరచేతికి అంటుతుంది. గ్రిల్లుకు అవతల పావురాల వల, ఆ కింద ఏసీ నీళ్లు కారి నల్లగా పాచిపట్టిన చార. మధ్యాహ్నం పన్నెండింటికి ట్యూబ్‌లైటు వేస్తే తప్ప ఆ గదిలో గోడ గడియారం కనబడదు.

క్రమబద్ధీకరించిన వెలుతురు అవసరం పడేది ఇక్కడే. దీని ఉత్పత్తి విధానం సులువు. ఎంత మేర అతిక్రమించారో, ఆ నేల ధర ఎంతో చూసి రుసుము కడతారు. రుసుము కట్టి పత్రం చేతికొచ్చిన క్షణం నుంచి ఆ గదిలో పగలు ఉన్నట్టు భావించాలి. గోడ ఉన్నచోటే ఉంటుంది, పావురాల వలా అక్కడే ఉంటుంది; చీకటి మాత్రం సక్రమమవుతుంది. ఈ వెలుతురును లక్సుల్లో కొలవరు, చదరపు మీటరుకు ఇన్ని రూపాయలని కొలుస్తారు. దీనికి రుతుభేదాలు లేవు. రాత్రిపూట తగ్గదు. ఒకే ఒక్క లోపం, కంటికి కనబడదు. కాబట్టి గదుల వారీగా కొన్ని సర్దుబాట్లు కావాలి.

హాలుతో మొదలుపెట్టాలి. పత్రాన్ని అద్దంలో బిగించి, నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, గుమ్మంలోంచి చూడగానే కనబడేట్టు తగిలించాలి. సీలింగులో స్పాట్‌లైటును నిటారుకు ముప్ఫై డిగ్రీల వాలులో పెడితే అద్దం మీద మెరుపు కళ్లలో కొట్టదు. బల్బు రంగు మూడు వేల కెల్విన్లు ఉంటే హాలు పసుపుపచ్చగా, పెళ్లివారొచ్చినట్టు ఉంటుంది. ఆరున్నర వేలున్న డేలైట్ బల్బు పెడితే మెడికల్ షాపులా ఉంటుంది. రంగులను సరిగా చూపించే గుణం తొంభై దాటిన బల్బునే కొనాలి, లేకపోతే కార్యాలయ ముద్ర ఊదా రంగు నల్లగా కనబడి వచ్చినవారికి అనుమానం కలుగుతుంది. ఈ ఏర్పాటంతా ఎందుకంటే, బల్బు లేకపోతే పత్రం కనబడదు, పత్రం లేకపోతే పగలు లేదు. కరెంటు పోయినప్పుడు ఇంట్లో పగలు కూడా పోతుందా అన్న శంకకు ఇప్పటిదాకా వెలువడిన ఉత్తర్వుల్లో సమాధానం లేదు. ఫ్లాటు ఈస్ట్ ఫేసింగ్ అయితే కొన్నప్పుడే అదనంగా డబ్బు పోసి ఉంటారు కాబట్టి, పత్రాన్ని తూర్పు గోడకు తగిలించడం న్యాయం. ఉదయించే సూర్యుడు ఎలాగూ ఆ గోడకు అవతలివైపే ఆగిపోతాడు.

వంటగదిలో అందరూ చేసే పొరపాటు, మధ్యన ఒక్క లైటు పెట్టి ఊరుకోవడం. గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కత్తిపీట మీదే పడుతుంది. పై అరల కింద ముందు అంచున ఎల్ఈడీ పట్టీ అతికిస్తే నీడ వెనక్కి పోతుంది, గట్టు మీద మూడు వందల లక్సులు తేలిగ్గా వస్తాయి. కిటికీ డక్టులోకి తెరుచుకుంటే పక్కవాళ్ల పోపు వాసన వస్తుంది, వెలుతురు రాదు. అలాంటిచోట పత్రం నకలును పోపులడబ్బా వెనక ఆనించి పెట్టుకోవచ్చు. దాని కాంతిలో బియ్యం ఏరితే రాళ్లు మిగిలిపోతాయి. మిగిలిన రాళ్లు కూడా రుసుముకు లోబడి బియ్యమేనని భావించవచ్చు.

పిల్లల గదికి టేబుల్ ల్యాంపు ముఖ్యం. కుడిచేత్తో రాసే పిల్లకు ఎడమపక్క పెట్టాలి, ఎడమచేతివాటం పిల్లాడికి కుడిపక్క. బల్బు కంటికి కనబడకూడదు, కాగితం మీద పడాలి. పగటి వెలుతురులో తక్కువ గడిపే పిల్లల్లో దూరపు చూపు మందగించే ముప్పు ఎక్కువని నేత్రవైద్యులు చెబుతున్నారు. పొద్దుటి వెలుగు కంట పడితేనే ఒంట్లోని గడియారం సరిగా తిరుగుతుందన్నది కూడా తెలిసిన సంగతే. పత్రాన్ని చూస్తే ఒంట్లో గడియారం తిరుగుతుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించేదాకా తిరుగుతున్నట్టే భావించాలి.

పూజగదికి దీపం ఉంది. ఆదిత్య హృదయం పారాయణ చేసేవారు హాల్లో పత్రం వైపు తిరిగి కూర్చుంటే సరి. స్నానాలగదిలో అద్దానికి పైన ఒక్కటి కాకుండా రెండు పక్కలా లైట్లు పెట్టాలి, గడ్డం కింద నీడ పడదు.

చివరిది మెట్లదారి. పై అంతస్తులో ఒకటి, కింద ఒకటి స్విచ్చి ఉండాలి, కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ లైటు ఉండాలి. ఇక్కడ మాత్రం ఏదీ భావించడానికి వీల్లేదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో పొద్దున్నే మంటలు లేచి పదిహేడు మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. బయటపడటానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. ఎక్కువమందిని చంపింది పొగ. అది పాతకాలపు ఇల్లు, ఈ పథకాల పుణ్యం కాదు. కానీ గాలి బయటకు పోయే చోటు, మనిషి బయటకు దూకే చోటు, ఫైరింజను పట్టే చోటు లేకపోతే ఏమవుతుందో అది చెప్పింది. సెట్‌బ్యాకు అంటే ఆ చోటే. అది ప్రభుత్వానిది కాదు అమ్ముకోవడానికి. ఆ ఇంట్లో పుట్టబోయే పిల్లది, పక్కింట్లో మంచం పట్టిన ముసలాయనది. దాన్ని చదరపు మీటరుకు ఇంతని ధర కట్టి, ఖజానాకు ఆదాయం అని లెక్క చెప్పి, పేదలకు మేలు అని పేరు పెట్టడం సిగ్గుమాలిన పని. పేదవాడు మేలు కోరితే మెట్లు వెడల్పు చేయించమంటాడు, తన చీకటికి రశీదు ఇమ్మనడు.

కట్టినవాడు ఫ్లాట్లు అమ్ముకుని పక్క వీధిలో ఇంకోటి లేపుతున్నాడు. కళ్లు మూసుకున్న అధికారి బదిలీ మీద వెళ్లాడు. రుసుము కట్టేది అప్పు చేసి ఫ్లాటు కొన్నవాడు. పట్టపగలు లైటు వేసుకుని ఆ మీటరు బిల్లు కట్టేది అందులో అద్దెకున్నవాడు. దరఖాస్తు ఫారంలో ఈ అద్దెకున్నవాడికి కాలమ్ లేదు. స్థలం ఎంత, కట్టింది ఎంత, అతిక్రమించింది ఎంత శాతం అని అడుగుతారు.