గాలివాటం కన్వీనర్

మా తెనాలిలో అప్పులవాణ్ణయినా తప్పించుకోవచ్చు గానీ కన్వీనర్ బాబాయిని తప్పించుకోలేం. ఆయనకి సొంత పేరొకటి ఉంది, రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వాడరు. చంకలో ఎప్పుడూ ఓ రెక్సిన్ బ్యాగు. అందులో పురికొస, కత్తెర, రసీదు పుస్తకం, ఓ గుడ్డ మూట. మూట సంగతి తర్వాత చెప్తాను.

"అబ్బాయ్, చిన్న వ్యాపారిని మనం ఆదుకోకపోతే ఎవరు ఆదుకుంటారు?" ఎదురుపడితే నమస్కారానికి బదులు ఇదే. మరుక్షణం రసీదు పుస్తకం బయటికొస్తుంది. వసూలైన డబ్బు షామియానాకీ, కుర్చీలకీ, మైకుకీ పోతుంది. ఇదేంటి బాబాయ్ అంటే, "షామియానావాడు చిన్న వ్యాపారి కాడా?" అంటాడు. నిజమే. ఆయన మేళాల్లో ఖాయంగా బాగుపడేది అతనొక్కడే.

ఆదుకోవడమంటే జనాన్ని వాళ్ల కొట్లకి పంపడం కదా, కొట్లు మూయించి వాళ్లని మైదానానికి లాక్కురావడమేంటని ఓసారి అడిగాను.

"కొట్టు ముందు మైకు పెట్టనివ్వరు అబ్బాయ్" అన్నాడు.

మైకంటే ఆయనకి అంత ప్రాణం. ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించేదాకా ఎవరూ బోణీ చెయ్యకూడదు. తెనాలి మేళాలో బెల్లం జిలేబీలు వేసే ఆవిడ పొయ్యి మంట తగ్గిస్తూ, పాకంలో నీళ్లు చిలకరిస్తూ, "అన్నయ్యగారూ, పాకం ముదిరిపోతోందండీ" అని మూడుసార్లు మొత్తుకుంది. "రెండే నిమిషాలమ్మా" అని మైకులోనే జవాబు. అతిథి వచ్చేసరికి పాకం గరిటెకి అతుక్కుపోయింది.

బాపట్ల వెళ్తే ఉపన్యాసం 1913లో మొదలవుతుంది. ప్రథమాంధ్ర మహాసభ అక్కడే జరిగింది మరి. అక్కణ్ణించి అప్పడాల స్టాలు దాకా రావడానికి ముప్పావుగంట పడుతుంది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయి, రేపల్లె అందులోకి పోయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినప్పుడు మేమంతా ఆఫీసు పనులకి ఎటు తిరగాలా అని చూసుకుంటుంటే, బాబాయి విజిటింగ్ కార్డులు కొత్తగా అచ్చేయించాడు: 'అంతర్ జిల్లా కన్వీనర్'.

ఆయనకి ఇష్టమైన ఊరు మాత్రం రేపల్లే. పట్టాలు అక్కడితో ఆఖరు, రైల్లో హాయిగా నిద్రపోయినా స్టేషన్ దాటిపోయే భయం లేదు. పోయినసారి స్టాళ్ల చీటీలు నన్నే రాయమన్నాడు. చీరాల చీరలు, వేటపాలెం జీడిపప్పు, తెనాలి జిలేబీ, నిజాంపట్నం ఎండు రొయ్యలు. అసలు చిక్కు ఆ ఆఖరిదానితోనే. బాబాయి వేలు తడిపి గాల్లోకి ఎత్తి, ఓడ సరంగులా కళ్లు చికిలించి, "పడమటి గాలి. రొయ్యలు తూర్పు చివర పెట్టండి" అని తీర్పిచ్చాడు. పొద్దున్నంతా బాగానే ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగింది. తూర్పున ఉన్న రొయ్యలు మైదానమంతా నడిచొచ్చాయి. చీర మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్న ఓ ఆవిడ కొట్టువాడి మొహంలోకి చూసింది. బాబాయి ఒక్క ఉదుటున మైకందుకుని, "వాసన పట్టుకుని నేరుగా నడవండి, నిజాంపట్నం సరుకు!" అన్నాడు. జనం నడిచారు కూడా. సాయంత్రానికి రొయ్యల బుట్ట ఖాళీ. చీరలాయన మాత్రం బాబాయితో మాట్లాడ్డం మానేశాడు.

ఇక మూట. అందులో అన్నీ పది రూపాయల బిళ్ళలే. చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ ఎన్నిసార్లు చెప్పినా మావైపు కొట్లవాళ్లు చాలామంది వాటిని పామును చూసినట్టు చూస్తారు. చిల్లర లేక బేరం పోకూడదని బాబాయి స్టాలుకి ఇరవై చొప్పున లెక్కపెట్టి ఇస్తాడు. వాళ్లు వద్దంటూనే తీసుకుంటారు, జిలేబీకో టీకో వాటినే ఇచ్చి వదిలించుకుంటారు. జిలేబీ ఆవిడ రొయ్యలవాడికిస్తుంది, రొయ్యలవాడు టీ అబ్బాయికిస్తాడు. రోజంతా మైదానంలో ఆ బిళ్ళలు బొంగరాల్లా తిరుగుతాయి. చీకటిపడ్డాక ఎవరికి వాళ్లు తెచ్చి బాబాయి ముందు కుమ్మరిస్తారు.

ఆ రాత్రి తిరుగు రైల్లో ఒళ్లో తువ్వాలు పరుచుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. మేం పంచింది రెండువందల నలభై. తువ్వాల్లో రెండువందల నలభైరెండున్నాయి.

"చూశావా అబ్బాయ్," అన్నాడు మూట ముడేస్తూ, "వ్యాపారం పెరిగింది."