మా రోజుల్లో భూతం కనపడేది కాదు

భయపెట్టడానికి ఓపిక కావాలి. ఇప్పటి సినిమావాళ్లకు లేనిదే అది. 2024లో వచ్చిన ‘ఏలియన్: రోములస్’ చూసినప్పటి నుంచీ ఈ బాధ నన్ను వదలడం లేదు. చేతకానివాళ్లు తీసి ఉంటే ఊరుకునేవాణ్ణి. చేతనైనవాళ్లే కంగారుపడి పాడుచేసుకున్నారు.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన మొదటి ‘ఏలియన్’ చూడండి. నోస్ట్రోమో అనే అంతరిక్ష సరుకు నౌక, అందులో ఏడుగురు మనుషులు, ఒక పిల్లి. చాలాసేపు ఏమీ జరగదు. నిద్రలేస్తారు, కాఫీ తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు. కింద ఇంజన్ దగ్గర పనిచేసే ఇద్దరికీ బోనస్‌లో వాటా తక్కువ. దానిమీద ఒకటే సణుగుడు. ఆ సణుగుడు వింటూ వింటూ వాళ్లు మనకు బాగా తెలిసినవాళ్లయిపోతారు. భోజనాల బల్ల దగ్గర ఆ ఏడుగురిలో ఒకడైన కేన్ ఛాతీ చీల్చుకుని ఓ పురుగు బయటపడేసరికి సినిమా మొదలై గంట కావస్తుంది. ఏదో బయటికొస్తుందని తోటి నటులకు తెలుసు. నెత్తురు అలా మొహాన చిమ్ముతుందని మాత్రం చెప్పలేదు. వాళ్ల మొహాల్లో ఆ అదురు సగం నిజమే.

ఇక ఆ పురుగు పెరిగి పెద్దదైన జంతువు. ఊహించి బొమ్మ గీసినవాడు స్విట్జర్లాండ్ చిత్రకారుడు గీగర్. ఆ తొడుగులో దూరినవాడు బొలాజీ బడేజో అనే నైజీరియా కుర్రవాడు, దాదాపు ఏడడుగుల పొడగరి. అంత కష్టపడి తయారుచేసుకున్నదాన్ని స్కాట్ చూపించింది ఎంతసేపు? ఓ తోక, ఓ దవడ, ఓ నీడ, అంతే. ఆ ఇంజన్ పనివాళ్లలో ఒకడైన బ్రెట్ పిల్లిని వెతుక్కుంటూ పోయిన చోట గొలుసులు వేలాడుతుంటాయి, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. ఆ నీళ్ల చప్పుడుకే మా ఒళ్లు జలదరించింది. మాది ఒకే తెరున్న హాల్లో ఇంగ్లీషు సినిమాలు చూసిన తరం. సంభాషణలు సగం తెలిసేవి కావు. అయినా ఆ భయం ఒక్క పిసరు కూడా మాకు తగ్గలేదు, ఎందుకంటే దాన్ని మాటల మీద ఆధారపడి కట్టలేదు.

‘రోములస్’ దర్శకుడు ఫెదే అల్వారెజ్ ఉరుగ్వేవాడు, పనిమంతుడు. ఎండ మొహం ఎరగని గనుల కాలనీతో కథ మొదలుపెట్టాడు. రెయిన్ అనే అమ్మాయి తన ఒప్పందం గడువు తీరిందని పోతే కంపెనీ దాన్ని ఇంకొన్నేళ్లు పొడిగిస్తుంది. అసలు భయం అక్కడుంది! మొహానికి అతుక్కునే పురుగుల్ని కంప్యూటర్‌కే వదిలేయకుండా నిజంగా బొమ్మలు చేయించి ఆడించాడు. బరువు లేని చోట ఆసిడ్ నెత్తురు గాలిలో తేలుతుంటే రెయిన్ వాళ్లు తప్పించుకుంటూ పోయే ఘట్టం చూసి నేనూ శభాష్ అన్నాను. మరమనిషి ఆండీగా డేవిడ్ జాన్సన్ నటన గొప్పది.

ఇన్ని పెట్టుకుని పాత సినిమాల దగ్గర చేయి చాచడమెందుకు? 1986 నాటి ‘ఏలియన్స్’లో కథానాయిక రిప్లీ, న్యూట్ అనే పాపను కాపాడుకోవడానికి రాణి పురుగుకు ఎదురు నిలబడి ఒక మాట అంటుంది. ఆ పాప కోసం ఎంత దూరం పోయిందో చూసినవాళ్లం కనుక ఆ మాట మా గుండెల్లో దిగింది. అదే మాట ఇక్కడ ఆండీ నోట పెట్టారు. ‘రోములస్’ కథ నడిచేది 2142లో. రిప్లీ ఆ మాట అనడానికి ఇంకా ముప్పై ఏళ్లకు పైగా ఉంది. ఆండీకి ఎక్కణ్ణుంచి వచ్చిందా మాట? హాల్లో ఈలల కోసం వచ్చింది. ఆ ఈల పడగానే అప్పటిదాకా కూడిన భయమంతా కారిపోయింది.

‘రోములస్’ చివర్లో పుట్టే వికారపు ప్రాణికి రాబర్ట్ బోబ్రోజ్కీ అనే బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి తెచ్చారు. ఏడున్నర అడుగుల మనిషి. బడేజోలాంటి వరం మళ్లీ దొరికింది. దొరికితే ఏంచేశారు? కళ్లెదుట నిలబెట్టి, నవ్వించి, తనివితీరా చూపించారు. రెండో నిమిషానికి నా కళ్లు దానికి అలవాటు పడిపోయాయి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఇయాన్ హోమ్ ముఖం. మొదటి సినిమాలో ఆష్ అనే మరమనిషిగా, తెగిన తల బల్లమీద ఉండగా తెల్లటి ద్రవంలో తడిసి మాట్లాడిన నటుడాయన. 2020లో కాలం చేశారు. ఇందులో రూక్ అనే మరో మరమనిషికి యంత్రపు బొమ్మతో, కంప్యూటర్‌తో ఆయన పోలికలు తగిలించారు. కుటుంబాన్ని అడిగే చేశామన్నారు, సరే. హాల్లో చూసినవాళ్లు అతుకులు కనిపిస్తున్నాయని గొడవ పెడితే, ఇళ్లలో చూసుకునే విడుదలకు మళ్లీ మెరుగుదిద్దారు. నా ఫిర్యాదు అతుకుల గురించి కాదు నాయనా! రేపు పూర్తిగా కుదిరినా ఒప్పుకోను. ఒక వాక్యాన్ని ఎక్కడ ఆపాలి, కన్ను ఎప్పుడు ఆర్పకూడదు అన్నది హోమ్ స్వయంగా ఎంచుకున్నాడు కాబట్టే ఆష్ అంటే వణికాం. రూక్ దగ్గర ఆ ఎంపిక ఆయనది కాదు. 1986లో ‘ఏలియన్స్’ తీసిన కామెరూన్‌కు మరమనిషి కావలసివస్తే లాన్స్ హెన్రిక్సన్‌ను తెచ్చి బిషప్‌ను కొత్తగా పుట్టించాడు. ఆ బిషప్‌ను ఇప్పటికీ తలుచుకుంటున్నాం. రూక్ వేషాన్ని కూడా బతికున్న నటుడికే ఇవ్వాల్సింది.