రెండో గీత

శ్రీరాంపూర్‌లో ఆ కాలిక్యులేటర్‌కు పనికొచ్చే పరీక్ష ఒక్కటీ లేదు. ఇంటర్ పరీక్ష హాల్లోకి రానిచ్చేవాళ్లు కాదు, ఎంసెట్‌కు రానిచ్చేవాళ్లు కాదు, జేఈఈలోనూ అంతే. అమెరికాలో శాట్ రాసే పిల్లలు మాత్రం గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్‌ను దర్జాగా వెంట తీసుకుపోతారు. డాలస్‌లో ఉండే మేనమామ కూతురు తన పరీక్షలు అయిపోయాక, 2019 ఎండాకాలంలో ఇటు వస్తున్న చుట్టాల సూట్‌కేసులో దాన్ని మరదలికి పంపింది. టీఐ-84 ప్లస్. తయారుచేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ఉన్నది కూడా ఆ డాలస్‌లోనే. గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్‌ను 1985లో జపాన్ కంపెనీ కాసియో తెస్తే, టెక్సాస్ వాళ్లు 1990లో మొదటిది చేశారు. ఈ మోడల్ 2004లో వచ్చింది.

ఆ మరదలు పిల్ల ఎంపీసీ. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయి సెలవుల్లో ఉంది. మార్కులకు అక్కరకు రాని వస్తువు కోసం ఆ సెలవులంతా పిల్ల పడ్డ పాటు చూస్తే ముచ్చటేసేది. చదువంటే ఇష్టం అనేది అలాంటప్పుడే బయటపడుతుంది.

మొదట్లో దానితో వేగడం కష్టమే అయింది. ఫోన్‌లాగా తెర మీద వేలు పెడితే పలకదు. తీసివేతకు ఒక మీట, రుణ సంఖ్యకు ఇంకో మీట. ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే సింటాక్స్ ఎర్రర్ అని మొరాయిస్తుంది. సైన్ 30 కొడితే సగం రావాలి కదా, మైనస్ 0.988 వచ్చింది. డిగ్రీలు అనుకుని పిల్ల కొడితే, అది రేడియన్లలో లెక్కేసింది. ఇలాంటివన్నీ డాలస్ వదిననే అడిగి తెలుసుకునేది. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దున పదిన్నర. ఆ వేళకు వీడియో కాల్.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఖాళీ తెర. సమీకరణం సరిగ్గానే రాసేది, గ్రాఫ్ మీట నొక్కేది, తెర మీద రెండు అక్షాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. వదిన చెప్పింది: "లెక్క తప్పనుకోకు. ముందు విండో చూడు. మామూలుగా అది అటు పది, ఇటు పది వరకే చూపిస్తది. నీ గీత అంతకన్నా పైన ఉంటే నీకెట్ల కనబడుతది?"

ఇంట్లో దీన్ని శ్రద్ధగా గమనించిన మనిషి తాత ఒక్కడే. కోల్ ఫిల్లర్‌గా బెల్లంపల్లిలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిల్లో టబ్బులు నింపి, 2004లో శ్రీరాంపూర్‌లో రిటైరై దిగిపోయిన మనిషి. చదివింది రెండో తరగతి. ఒకరోజు పిల్ల వై ఈక్వల్స్ దగ్గర ఎక్స్ బై ఫోర్ అని రాసి గీత గీసింది. తాత అద్దాలు సర్దుకుని చూశాడు.

"ఇదేంది బిడ్డా, బాయి దారా?"

"వాలు తాతా. నాలుగు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి."

"వన్ ఇన్ ఫోరా? కాదు. ఇది వన్ ఇన్ సిక్స్ ఉంటది."

"మిషన్ గీసింది తాతా, తప్పెట్లైతది?"

"మిషనేమో గని, వన్ ఇన్ ఫోర్ ఎక్కితే పిక్కలు పట్టుకుంటయి. ఇది గంత నిలువు లేదు."

పిల్లకు అనుమానం వచ్చి వెతికింది. తాత చెప్పిందే నిజం. తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. రెండు వైపులా మైనస్ పది నుంచి పది దాకానే పెడితే అడ్డం సాగుతుంది, నిలువు కుదించుకుపోతుంది. నాలుగుకు ఒకటి ఉన్న వాలు కంటికి ఆరుకు ఒకటిలా కనిపిస్తుంది. జూమ్‌లో ఐదో వరుస, జడ్ స్క్వేర్ నొక్కితే సరవుతుంది. పిల్ల నొక్కింది. గీత లేచి నిలబడ్డది. "ఆ, ఇప్పుడు వన్ ఇన్ ఫోర్" అన్నాడు తాత. చీకట్లో, టోపీ లైటు వెలుతురులో, వేల షిఫ్టులు కాళ్లతో కొలిచిన మనిషి కదా. ఆ చూపును ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఆ రోజు నుంచి తాతకు దాని మీద గురి కుదిరింది. కొన్నాళ్లకు బీరువాలోంచి రెండు బ్యాంకు పాస్‌బుక్కులు తీసుకొచ్చాడు. ఒకటి నిండిపోయింది, ఒకటి నడుస్తున్నది. ఏటా బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చినప్పుడల్లా వాటిని మళ్లీ జాగ్రత్తగా దాచేవాడు.

"నా పెన్షన్ గూడ గియ్యొస్తదా బిడ్డా? ధరలు ఒక గీత, నా పెన్షన్ ఒక గీత. ఏది ముందున్నదో చూద్దాం."

ఇంటికి సంబంధించిన లెక్క అనేసరికి పిల్లకు ఉత్సాహం పొంగింది. ఎక్స్ అంటే తాత దిగిపోయాక గడిచిన ఏళ్లు. 2004 అంటే సున్నా, ఇప్పటికి 15. మొదటి నెల పెన్షన్ ఎంతని అడిగితే పాత పాస్‌బుక్కు మొదటి పేజీ తిప్పి తాత చదివాడు: 2300. ఆ 2300తో ఆనాడు వచ్చిన బియ్యం, పప్పు, పాలు, బీపీ గోలీలకు ఇప్పుడు ఎంత కావాలన్నది మొదటి గీత. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగాయనుకుంది. పుస్తకాల్లో చక్రవడ్డీకి వాడే సూత్రమే అది. వై వన్ దగ్గర 2300 ఇంటూ 1.06 పవర్ ఎక్స్ అని కొట్టింది. వై టూ దగ్గర తాత రెండు పాస్‌బుక్కులూ తిరగేస్తూ చెప్పింది చెప్పినట్టు ఎక్కించింది.

గ్రాఫ్ నొక్కితే ఖాళీ తెర. ఈసారి భయపడలేదు. విండోలోకి వెళ్లి అడ్డం సున్నా నుంచి 15, నిలువు సున్నా నుంచి 6000 పెట్టింది. మళ్లీ నొక్కింది. ఎడమ అంచున ఒకేచోట బయలుదేరిన రెండు గీతలు వచ్చాయి. ఒకటి మెల్లగా వంపు తిరుగుతూ పైకి పోయింది. పన్నెండో ఏటికే రెట్టింపు దాటి, 15 దగ్గర 5512 చూపించింది. రెండోది కుడి అంచు దాకా పడుకున్నట్టే సాగింది.

"నాదేదే?"

"కిందిది తాతా. ఆగు, ఎక్కడో తప్పు కొట్టిన."

చెరిపి మళ్లీ కొట్టింది. అదే గీత. ట్రేస్ నొక్కి ఆ గీత మీద చుక్కను జరుపుకుంటూ పోయింది. అయిదేళ్ల దగ్గర 2300, పదేళ్ల దగ్గర 2300, పదిహేను దగ్గరా అంతే. జూమ్ మార్చింది, మోడ్ చూసింది, బ్యాటరీలు తీసి పెట్టింది. తాత మాత్రం మాట్లాడకుండా ఆ గీత వంకే చూస్తున్నాడు.

రాత్రి తొమ్మిదికి ఫోన్ కలిసింది. పిల్ల తెరను కెమెరాకు దగ్గరగా పెట్టింది. వదినకు తప్పు కనిపెట్టడానికి అర నిమిషం పట్టలేదు.

"వై టూలో ఎక్స్ మర్చిపోయావ్ మరదలా. పైదాంట్లో ఉంది, కిందదాంట్లో లేదు. ఏళ్లు గడుస్తుంటే పెన్షన్ పెరగాలి కదా. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ 1975 నుంచి ధరలను బట్టి దానంతటదే పెరుగుతది. తాతకు ఏటా ఎంత పెరుగుతదో అడిగి ఎక్స్ పెట్టు, గీత లేస్తది."

పిల్ల ఊపిరి పీల్చుకుంది. ఫోన్ పట్టుకునే తాత వైపు తిరిగింది.

"తాతా, ఎక్స్ మరిచిపోయిన్నట. నీకు ఏటా ఎంత పెరుగుతదో చెప్పు, సరిచేస్త."

తాత నడుస్తున్న పాస్‌బుక్కులో చివరి పేజీ తెరిచి పిల్ల ముందు పెట్టాడు.

"నువ్వు మర్వలేదు బిడ్డా. సరిగ్గనే గీసినవ్."

2019 మే నెల పెన్షన్ 2300. బొగ్గుగనుల పెన్షన్ పథకం 1998 మార్చి 31 నుంచి అమల్లో ఉంది. పెన్షన్ కట్టే సూత్రంలో కార్మికుడి సగటు జీతం ఉంది, చేసిన సర్వీసు ఉంది. దిగిపోయిన తర్వాత గడిచే ఏళ్లకు కరువు భత్యం లేదు.