గెస్టు గారి ముక్కుపుడక

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో రిమోటు పెద్దమ్మది. మొన్న ఏదో కామెడీ షో పెట్టింది. స్టేజీ మీద గుప్పున పొగ లేచింది, డప్పులు మోగాయి, వెనక తెర మీద నిప్పులు కురిశాయి. సెట్టు అంటుకుందేమో అనుకున్నాను. కాదు, గెస్టు గారు వేంచేశారు.

ఆయన సినిమా విడుదలకు ఇంకా పది రోజులుంది. వచ్చి సోఫాలో కూర్చున్నారు. ఇక స్కిట్టంతా ఆ సోఫా చుట్టూ పొర్లుదండాలే. చీర కట్టుకొచ్చిన కుర్రాడు "మా ఆయన మీలా ఉంటే నా బతుకిలా ఏడ్చేదా సార్" అని మెలికలు తిరిగాడు. ఇంకొకడు తన నల్లరంగు మీద తనే జోకు వేసుకున్నాడు. మూడోవాడి బొజ్జ మీద నాలుగోవాడు వేశాడు. జోకులన్నీ వాన నీళ్ళలా పల్లానికే పారాయి. సోఫా మెరక మీదుంది కదా, ఒక్క చుక్క ఎక్కలేదు.

మధ్యమధ్య గెస్టు గారు విరగబడి నవ్వడం చూపించారు. నాకు వేరే పని లేక ఆయన చేతిలోని నీళ్ళ గ్లాసు మీద కన్నేశాను. మొదటి నవ్వుకి గ్లాసులో సగమే ఉన్నాయి. రెండో నవ్వుకి నిండుగా ఉన్నాయి. మూడో నవ్వుకి మళ్ళీ సగం. ఎప్పుడో నవ్విన నవ్వుల్ని తెచ్చి, జోకు చచ్చిపడ్డ చోటల్లా అతికించారన్నమాట.

ఈ షోలకు రాసే కుర్రాడొకడు నాకు తెలుసు. ఆ సోఫా మీద ఒక్క పంచ్ అయినా వెయ్యరేమయ్యా అన్నాను. "అమ్మో! ఇమేజ్ దెబ్బతింటుందండీ. ఫ్యాన్స్ ఊరుకోరు. అయినా పెద్దవాళ్ళని వేళాకోళం చెయ్యడం మన కల్చర్ కాదు కదండీ" అన్నాడు.

ముందు ఇమేజ్ సంగతి చూద్దాం. 1971 క్రిస్మస్ రాత్రి బీబీసీలో మోర్కాంబ్, వైజ్ అనే జంట హాస్యగాళ్ళ షోకి ఆంద్రే ప్రెవిన్ గెస్టుగా వచ్చాడు. అప్పటికాయన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి ప్రధాన కండక్టర్. ఆ పెద్దమనిషిని సోఫాలో కూర్చోబెట్టలేదు. గొప్ప వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ వస్తాడని నమ్మించి, తీరా ఎరిక్ మోర్కాంబ్‌ని పియానో వాయించడానికి దింపారు. పేరు కూడా సరిగ్గా పిలవలేదు, 'ప్రివ్యూ' అన్నారు. వాద్యబృందం ఎత్తుగడ ముగిసేలోపు తను పియానో దాకా చేరలేకపోతున్నాడట ఎరిక్, అందుకని గ్రీగ్ రాసిన పియానో కాన్చెర్టో ఎత్తుగడనే ఓ గజం సాగదీయమన్నాడు. పియానో మూత అడ్డమొచ్చి కండక్టర్ కనపడటం లేదని ఆయన చేత ఎగిరెగిరి గంతులేయించారు. చివరికి ఎరిక్ వాయించిన గోల విని, స్వరాలన్నీ తప్పు వాయిస్తున్నావని ప్రెవిన్ అన్నాడు. ఎరిక్ ఆయన కోటు కాలరు పట్టుకుని, స్వరాలన్నీ సరైనవే, వరుసే కాస్త అటూ ఇటూ అయిందని సంజాయిషీ ఇచ్చాడు!

ప్రెవిన్ ఆ స్క్రిప్టుని ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే టాక్సీలో బట్టీ పట్టాడంటారు. నటించినంతసేపూ ముఖంలో నవ్వు లేదు, ముడుచుకున్న పెదాలు, చురచుర చూపులు. ఆయన నవ్వకపోబట్టే జనం పడీపడీ నవ్వారు. దెబ్బతిన్న ఇమేజ్ సంగతంటారా? ఆ తర్వాత ఏళ్ళ తరబడి లండన్ టాక్సీవాళ్ళు ఆయన్ని 'మిస్టర్ ప్రివ్యూ' అనే పలకరించారు.

అదే ఏడాది, అప్పుడే ఆస్కార్ అందుకున్న నటి గ్లెండా జాక్సన్ చేత ఇదే జంట క్లియోపాత్రా వేషం వేయించి వ్యాకరణం లేని డైలాగులు చెప్పించింది. అది చూసిన దర్శకుడొకరు ఆమెకు కామెడీ సినిమా ఇచ్చారు. దానికి ఆమెకు రెండో ఆస్కార్ వచ్చింది. మన గెస్టుల్లో ఎవరికైనా సోఫాలో కూర్చున్నందుకు ఏమైనా వచ్చిందా? నడుం నొప్పి తప్ప?

అయితే మనవాళ్ళ గురువు ప్రెవిన్ కాదు, నిక్సన్. 1960ల చివర అమెరికాలో 'లాఫ్-ఇన్' అనే షో ఉండేది. అందులో ఒక ఊతపదం. అది పలికినవాళ్ళ నెత్తిన నీళ్ళు గుమ్మరించడమో మరో శాస్తి చెయ్యడమో ఆనవాయితీ. 1968 సెప్టెంబర్ 16న అధ్యక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ అందులో కనపడి ఆ నాలుగు ముక్కలూ అన్నాడు. ఆయన మీద చుక్క నీళ్ళు పడలేదు! షో అంతా తడిసింది, ఆయన పొడిగా వెళ్ళిపోయాడు. పిలిచినా రాని ప్రత్యర్థి హంఫ్రీ నవంబర్‌లో వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. తడవకుండా పని చక్కబెట్టుకోవడం అనే ఈ విద్యను మన పీఆర్‌వోలు మాత్రం పుణికి పుచ్చుకున్నారు.

ఇక కల్చర్. ఈ మాట విన్నప్పుడే నాకు నవ్వొచ్చింది, ఆ షోలో రాని నవ్వు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కంటే పెద్ద గెస్టు ఎవరయ్యా? అంత గర్విష్ఠిని, అంత అందగత్తెను పట్టుకుని చెలికత్తె మాధవి ఆడించిన ఆట చూడండి. మొగుడి పేరు చెప్పమని నిలదీస్తుంది. సిగ్గుపడితే ఇంకా గుచ్చుతుంది. కృష్ణుడికి ఉత్తరం చేరవెయ్యాలంటే ముక్కుపుడక ఊడదీసి ఇమ్మంటుంది. మహారాణి గింజుకుంటుంది, బేరమాడుతుంది, చివరికి ఇస్తుంది. తోలుబొమ్మలాటలో రాముడి కథ నడుస్తుండగానే కేతిగాడూ బంగారక్కా దూరి మోటు సరసాలాడిపోతారు. తెరకవతల కూర్చున్న రైతులెవరూ మనోభావాలు దెబ్బతిన్నాయని లేవలేదు. మన కల్చర్‌లో వెక్కిరింత పల్లం నుంచి మెరకకు ఎక్కుతుంది. దాన్ని కిందికి తిప్పిన ఇంజనీర్లు ఈ మధ్యే పుట్టారు.

ఇదంతా పెద్దమ్మకు ఆవేశంగా చెబుతున్నాను. చిన్నప్పుడు ఊళ్ళో బొమ్మలాట చూసిన మనిషి, కళ్ళు తెరమీద పెట్టే విన్నది. అక్కడ గెస్టు గారు కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడ్డారు. యాంకరమ్మ గొంతు గద్గదమైంది.

"ఒరే, ఈ అబ్బాయి ఎందుకొచ్చాడ్రా?" అంది పెద్దమ్మ.

"సినిమా వస్తోందట."

"ఆ ముక్కేదో గుమ్మంలోనే చెప్పి పోకూడదూ! పాపం ఆ చీర కట్టుకున్న పిల్లాడు ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నాడు."