నాదములేని వాద్యము

నేను వాద్యజాతిలో జన్మించినదాననే యైనను నాకు స్వకీయమైన నాదము లేదు. 49 మెట్లు, రెండు చక్రములు, వెనుకవైపున ఒక యుఎస్‌బి రంధ్రము, ఇంతియే నా దేహము. ఎవరేని ఒక మెట్టు నొక్కినంతనే, అది యే మెట్టో తెలుపు సంఖ్యను, వ్రేలు దానిని ఎంత వేగముతో నొక్కెనో తెలుపు 1 మొదలు 127 వఱకు గల మఱియొక సంఖ్యను కంప్యూటరునకు పంపుదును. తపాలా బంట్రోతు జాబును మోయునే గాని అందలి వార్తను సృష్టింపడు, నా పనియు నట్టిదే. ఆ సంఖ్యలను గ్రహించి పియానోగనో వేణువుగనో పలుకునది కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు వాద్యము. నన్ను మిడి కీబోర్డు అందురు.

నా వంశము ప్రాచీనమైనది కాదు. ఒక కంపెనీ సింథసైజరు మఱియొక కంపెనీ సింథసైజరుతో సంభాషింపజాలని కాలమున, అమెరికాలోని డేవ్ స్మిత్, జపానులోని ఇకుతారో కకెహాషి మొదలగువారు వ్యాపారస్పర్ధను ప్రక్కనుంచి, వాద్యములన్నిటికిని ఉమ్మడిగా నుండునట్టి మిడి యను నొక భాషను నిర్మించిరి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ వాద్యప్రదర్శనమున స్మిత్ కంపెనీవారి ప్రాఫెట్-600ను, కకెహాషి కంపెనీయైన రోలండువారి జూపిటర్-6ను ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయింపగా రెండవదియు పలుకుట లోకమునకు చూపిరి. ఆ భాషను వెలకట్టక అందఱికి నొసంగుటచేతనే నావంటి అల్పమూల్యపు పరికరము నేడు సామాన్యగృహములలో ప్రవేశింపగలిగినది. 2013లో ఆ యిరువురికిని సాంకేతిక గ్రామీ పురస్కారము లభించుట మిక్కిలి సముచితము.

రాజమహేంద్రవరమున లలితగీతములకు బాణీలు కట్టు ఒక ఉపాధ్యాయురాలి యింటికి నేను చేరితిని. ఆమె నన్ను కంప్యూటరునకు తగిలించి, రికార్డింగు సాఫ్ట్‌వేరులో నన్ను ఎన్నుకొని, ఒక ట్రాకునకు పియానోను అమర్చి వాయింపగా, స్వరము వ్రేలి వెనుక నొక క్షణము ఆలస్యముగా వినవచ్చెను. తాళము తప్పుచున్నదని ఆమె ఖిన్నురాలు కాగా, కుమారుడు పరిశీలించి, "అమ్మా, తప్పు నీ వేళ్ళది కాదు, బఫరు తగ్గించాలి" అనెను. సెకనునకు 44,100 నమూనాల లెక్కన 1024 నమూనాల బఫరు, అనగా కంప్యూటరు ధ్వనిని కూర్చుకొను తాత్కాలిక నిల్వ, నిండుటకు సుమారు 23 మిల్లీసెకన్లు పట్టును. 128కి తగ్గించినచో 3 మిల్లీసెకన్లే చాలును. మితిమీఱి తగ్గించినచో కంప్యూటరు అందుకొనలేక ధ్వని చిటపటలాడును. తగిన మితిని కనుగొన్న పిమ్మట ఆమె వ్రేలును స్వరమును ఏకమయ్యెను.

నేను పంపినవి సంఖ్యలే యగుటచేత, తప్పిన స్వరమును పిదప సరిదిద్దవచ్చును. పియానోపై వాయించిన బాణీని తిరిగి వాయింపకయే వేణువుపై వినవచ్చును. గాయకుని కంఠమునకు తగినట్లు శ్రుతిని మార్చవచ్చును. కాని తోడిరాగమున గాంధారము నిలువక ఊగవలయును. ఆ గమకము నా మెట్లకు అలవడదు. కుడిచేతితో మెట్టు నొక్కుచు, ఎడమచేతితో పిచ్ చక్రమును త్రిప్పి, మెట్టునకు మెట్టునకు నడుమనున్న స్థానములను వెదకవలయును. ఆమె చెవిలో రాగము ముందుగనే నిలిచియుండుటచేతనే చక్రము ఆమెకు వశమైనది.

సంగీతాభిలాషులారా, నన్ను కొనుటతో సంగీతము సిద్ధింపదు. మీ చేయి ఇచ్చినదానినే నేను ఇముడ్చుకొని పంపుదును. కావున ముందు శ్రుతిని, లయను సాధన చేయుడు, పిమ్మట నన్ను కంప్యూటరునకు తగిలింపుడు.