మేజర్ మాదాపూర్, మైనర్ మిర్చి

ఎనిమిదేళ్లలో మూడుసార్లు మన ఆంధ్రప్రదేశ్ డిగ్రీకి కొత్త చొక్కా తొడిగారు. 2015లో సెమిస్టర్లు, ఛాయిస్ బేస్డ్ క్రెడిట్లు. 2020లో లైఫ్ స్కిల్సు, పది నెలల ఇంటర్న్‌షిప్పు. 2023లో మూడేసి సబ్జెక్టుల బీజెడ్‌సీ, ఎంపీసీలు పోయి సింగిల్ మేజర్. ఛాయిస్ అంటారా? కాలేజీలో మిగిలిన లెక్చరర్ ఏం చెప్పగలిగితే అదే పిల్లల ఛాయిస్. ప్రతిసారీ చెప్పింది మాత్రం ఒకటే: పరిశ్రమకు పనికొచ్చే పట్టభద్రుణ్ణి తయారుచేస్తున్నాం!

ఇంతకీ ఎవరండీ ఆ పరిశ్రమ? ఆసియాలోకెల్లా పెద్దదని మనం చెప్పుకునే మిర్చి యార్డు గుంటూరులోనే ఉంది. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లక్ష దాటే రోజులుంటాయి. రంగు, తేమ, తాలు చూసి ధర కడతారు. చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, కారం మిల్లులు, ఎగుమతిదారులు, పత్తి జిన్నింగు మిల్లులు. కానీ గాజు తలుపూ, మెడలో ట్యాగూ లేనిచోటు సిలబస్ కమిటీ కంటికి ఆనదు. హైదరాబాద్ మాదాపూర్లో ఉంటే పరిశ్రమ, యార్డులో ఉంటే తుమ్ములు.

2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరింది. 2015లో మన దేశంలో బొప్పాయి మీద తొలిసారి కనిపించిన పురుగే. గుంటూరు, ప్రకాశం రైతులు తోటలకు తోటలు పీకేశారు. ఆ ఇళ్ల పిల్లలు జువాలజీ ల్యాబులో ఎప్పటిలాగే సీసాలో వానపాము చూసి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నారు. సిలబస్ చూసుకుని రాకపోవడం పురుగు తప్పే.

ఇంటర్న్‌షిప్ ఆలోచన మంచిదే, కాదనను. అమలే చూడాలి. కూలీలతో కాయ కోయించి, కల్లంలో ఆరబెట్టి, గ్రేడు చేయించి, యార్డుకు తోలి, కమీషన్ ఏజెంటుతో లెక్క తేల్చుకొచ్చిన అమ్మాయికి ఒక్క క్రెడిట్ రాదు. అదే అమ్మాయి ఫోన్లో వీడియోలు ముందుకు జరిపి డిజిటల్ మార్కెటింగ్ సర్టిఫికెట్ దించుకుంటే ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టే. ఇక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు సర్వే ఫారాలు! ఊరి రచ్చబండ మీద ఒక్క మధ్యాహ్నంలో ఎన్ని గడపలు ఎక్కిదిగారో ఆ ఫారాలకే తెలియాలి.

పాత మూడు సబ్జెక్టుల మూటను వెనక్కి తెమ్మని అడగడం లేదు. సిలబస్ మళ్లీ మార్చకుండా కమిటీ పెద్దలైన మీరు ఉండలేరు కనుక, ఈసారి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి కాయ చేత్తో పట్టుకుని రకం చెప్పే యార్డు గుమస్తానూ, జిన్నింగు మిల్లు మేస్త్రీనీ, గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తనూ పిలవండి. కుర్చీలు చాలకపోతే పవర్‌పాయింట్ తెచ్చినాయన్ని లేపండి.